క్యారియర్ లేని సైకిల్

"సీటు కాస్త దించితే నీకు సరిపోతుంది జిల్లీ."

ముప్పై ఏళ్లలో ఈ మాట జిలియన్ నాలుగుసార్లు వింది. భర్త వారిక్ కొత్త సైకిల్ కొనుక్కున్నప్పుడల్లా పాతది ఆమెకు వచ్చేది. అతను ప్రేమగానే ఇచ్చేవాడు. గొలుసుకు నూనె పెట్టి, చక్రాలు తుడిచి, సీటు దించి మరీ ఇచ్చేవాడు. అతను ఆరడుగుల పైన రెండంగుళాలు, ఆమె ఐదడుగుల పైన రెండు. కాన్‌బెరాలో ఎర్రదీపం పడిన ప్రతి కూడలిలోనూ ఆమె సైకిల్‌ను ఎడమవైపు వాల్చి, ఒక్క కాలి మునివేళ్ల మీద నిలబడేది. ఆఫీసు చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. సైకిల్ తొక్కడమంటే అంతే కాబోలు అనుకుంది. సరిపోని దానిలో ఏళ్ల తరబడి ఒదిగి ఉన్నవాళ్లకు తప్పు ఆ వస్తువుదని తోచదు. తమ ఒంటిదే అనిపిస్తుంది.

ఆగస్టులో ఆ నాలుగో సైకిల్ ఫ్రేము పగిలింది. ఈసారి కొత్తది కొనుక్కుంటానని ఆమె అన్నప్పుడు వారిక్ ఆమెకంటే ఎక్కువ సంబరపడ్డాడు. వారం రోజులు అవీ ఇవీ చదివి భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచాడు. "నీకు కావాల్సింది హైబ్రిడ్. ఊళ్లో తారు రోడ్డు మీదా పోతుంది, సరస్సు పక్క కంకర దారిలోనూ పోతుంది. ముందు స్ప్రింగులు వద్దు, ఉత్త బరువు. డిస్క్ బ్రేకులు ఉండాలి. వెనక గట్టి క్యారియర్ పెట్టిద్దాం, సామాన్లకి పనికొస్తుంది." అన్నీ నిజాలే. ఆమె తలూపుతూ అతను తాగేసిన టీ కప్పు తీసింది. ఆమె పనిచేసే చెవి పరీక్షల క్లినిక్‌లో డాక్టరు కూడా ఇంత దయగానే మాట్లాడతాడు. "జిల్ ఉందిగా, తనకి తెలుస్తుంది" అంటాడు. ఎవరి ఫైలు ఎక్కడుందో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో జిల్‌కి తెలుస్తుంది. మొన్న తన యాభై ఐదో పుట్టినరోజు కేకు కూడా తనే తెచ్చుకుంది. ఇక అత్తగారు బెరిల్, "మా వాడికి ఏదీ గుర్తుండదమ్మా, చిన్నప్పట్నించీ అంతే" అని, కొడుక్కి స్కూల్లో వచ్చిన పతకం చూపిస్తున్నట్టు చెబుతుంది.

శనివారం ఇద్దరూ సరస్సు దగ్గరి సైకిళ్ల షాపుకు వెళ్లారు. యజమాని ఇంగ్రిడ్‌కు నలభై ఏళ్లుంటాయి. గోళ్ల నిండా గ్రీజు మరకలు.

"మా ఆవిడకి హైబ్రిడ్..." అని వారిక్ జేబులోంచి కాగితం తీశాడు.

ఇంగ్రిడ్ జిల్ వైపే చూస్తూ అడిగింది. "మీరు ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారు?"

"ఆఫీసుకి. సూపర్‌మార్కెట్‌కి. మా అత్తగారికి మందులు తేవాలి..."

"అవన్నీ వెళ్లక తప్పనివి. వెళ్లాలనిపించేది ఎక్కడికి?"

జిల్‌కు ఇంట్లో అలవాటుగా ఒక గది తలుపు తోసి, లోపల ఏమీ లేకపోవడం చూసినట్టయింది. "తెలీదండీ" అంది. ముఖం వేడెక్కింది.

ఇంగ్రిడ్ లోపలికి వెళ్లింది. చిన్న ఫ్రేము సైకిల్ ఒకటి తెచ్చి జిల్‌ను కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడమంది. "రెండు పాదాలూ నేలకి ఆన్చండి. కడ్డీకీ మీకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే చాలు. ఇప్పుడు హ్యాండిల్ పట్టుకోండి. మోచేతులు వంగుతున్నాయా? ఇన్నాళ్లూ మీరు హ్యాండిల్ పట్టుకోలేదు, దానికి వేలాడారు."

జిల్ కిందికి చూసింది. మడమలు రెండూ నేల మీద ఉన్నాయి. ఎవరి పాదాలో అన్నట్టు చాలాసేపు చూసింది.

"లైసెన్సు హామీగా ఇక్కడ పెట్టి ఒక రౌండు వేసి రండి" అంది ఇంగ్రిడ్. మ్యాగ్‌పై పక్షులు గూళ్లు కాపాడుకుంటూ మనుషుల తలలు పొడిచే సెప్టెంబరు నెల గనక, అరువిచ్చిన హెల్మెట్ నిండా ప్లాస్టిక్ పుల్లలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ముళ్లపందిలా ఉన్నావే!" అన్నాడు వారిక్.

"గుచ్చుకుంటాను, దూరంగా ఉండు." లైసెన్సు ఇంగ్రిడ్‌కిచ్చి, ఫోనుతో సహా హ్యాండ్‌బ్యాగు అతని చేతిలో పెట్టింది.

వీధి చివర మలుపు తిరిగి షాపుకు రావాలి. ఆమె తిరగలేదు. సరస్సు ఒడ్డున సిమెంటు దారి అయిపోయి, యూకలిప్టస్ చెట్ల కింద కంకర దారి మొదలైంది. వెనక చక్రం ఒకసారి జారి, వెంటనే నిలదొక్కుకుంది. ఆమె నవ్వింది. నీళ్ల మీద నల్లహంసలు తలలు ముంచి తోకలు పైకెత్తి ఉన్నాయి. ఇప్పుడు ఏం కొనాలి? మనసు అలవాటుగా అడిగింది. ఏమీ లేదు. మళ్లీ అడిగింది. ఏమీ లేదు. ఆ ప్రశ్న పోదు, జేబులు తడుముకునే మనిషిలా తిరుగుతూనే ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచీ తను ఉత్త చేతులతో బయటికెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజు ఒక్కటైనా ఉందా? వెతికింది. పాలు, మందులు, కూతురు టెగన్ స్కూలు బూట్లు, డ్రైక్లీనింగ్ కోట్లు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లినప్పుడు కూడా టెగన్‌ను ఎత్తుకుని వచ్చింది. ఎవరూ దౌర్జన్యం చేయలేదు. అందరూ థాంక్స్ చెప్పారు. అయినా చూపు మసకేసింది. తొక్కుతూనే ఉంది. చేతులు తిమ్మిరెక్కలేదు.

ముప్పావుగంట తరవాత వచ్చేసరికి వారిక్ షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. జుట్టు చెదిరిపోయింది.

"పడిపోయావేమో అనుకున్నా జిల్లీ! మూడుసార్లు మలుపు దాకా వెళ్లి చూశాను. నీ ఫోను మోగడం ఆగితేనా! టెగన్‌కి జాకెట్ కనపడలేదట. అమ్మకి కంట్లో వేసుకునే చుక్కలు ఏవి పొద్దున్నవో, ఏవి రాత్రివో తెలియలేదట. నాకూ తెలీలేదు. నీ నోటుబుక్కు చూసి చెప్పా. ఆకుపచ్చ మూత రాత్రిది." ఫోను బ్యాగులో పెట్టాడు. "మా అమ్మ కళ్లు... నాకు తెలీలేదు." బ్యాగు భుజం మార్చుకున్నాడు. "ఇంత బరువేంటే ఇది? ఏం పెట్టావు ఇందులో?"

"మిమ్మల్నందర్నీ" అంది జిల్. చెయ్యి చాచి అతని జుట్టు సరిచేసింది.

అదే సైకిల్ తీసుకుంది. ఇంగ్రిడ్ స్పానరు పట్టుకుని, "వెనక క్యారియర్ బిగించనా?" అని అడిగింది.

"ఆఁ, గట్టిది..." అన్నాడు వారిక్.

"వద్దు" అంది జిల్.

"మరి బ్యాగు ఎక్కడ పెట్టుకుంటావు?"

"నీ దగ్గరే ఉండనీ. కారులో వెళ్లు. నేను సరస్సు చుట్టూ తిరిగి వస్తాను."

అతను కారు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "వచ్చేటప్పుడు బ్రెడ్డు..."

"ఎందులో తేవాలి?"

వారిక్ సైకిల్ వెనక ఖాళీని చూశాడు. నవ్వాడు, నెమ్మదిగా, దొరికిపోయినవాడిలా. "సరే, నేనే తెస్తాలే." కారు తలుపు తీసి మళ్లీ ఆగాడు. "జిల్లీ, మన ఇంట్లో ఏ బ్రెడ్డు తింటాం?"

ఆమెకు తెలుసు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. దాన్ని అక్కడే ఉంచుకుని పెడల్ నొక్కింది.