ఆ రోజు నేను మోగలేదు

నేను ఒక కంచు గంటను. గుడి మండపంలో నాలుక వేలాడేసుకుని ఉండే గంటను కాను. అన్నం కంచమంత గుండ్రంగా, మందంగా, తాడు దూర్చడానికి రెండు చిల్లులతో ఉంటాను. కంచు పనికి పేరుపడ్డ బుడితిలో నన్ను పోతపోసిన ముసలాయన, నేను చల్లారాక వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "పలికింది" అన్నాడు. నా మొదటి జ్ఞాపకం ఆ మాటే. దానికి ముందంతా ఎర్రటి వెలుగు, ద్రవంలాంటి నిద్ర.

మొదట ఒక రైసుమిల్లులో కూలీలను పనిలోకి పిలిచాను. మిల్లు మూతపడ్డాక పలాస దగ్గర ఒక ఆడపిల్లల బడికి చేరాను. మిల్లులో నా మోతకి ముఖాలు వాడిపోయేవి. బళ్ళో సాయంత్రం అదే మోతకి ముఖాలు విచ్చుకునేవి. నేను రెండుచోట్లా ఒక్కలాగే మోగాను. మనుషులు తమకు కావలసినదే నాలో వింటారని అప్పుడే తెలిసింది.

బళ్ళో నన్ను కొట్టేది ఆయా పైడమ్మ. సన్నటి మనిషి. పందొమ్మిదేళ్ళు కర్ర సుత్తి ఆవిడ చేతిలోనే ఉంది. భర్త పోయిన నాలుగేళ్ళకి, బళ్ళో బెంచీలు బాగుచేయడానికొచ్చిన వడ్రంగి లోకనాథాన్ని పెళ్ళి చేసుకుంది. పన్నెండేళ్ళ కూతురు సుగుణ దాన్ని క్షమించలేదు. "నాన్న మంచం మీద ఇంకొకడా?" అని అమ్మమ్మ ఊరెళ్ళిపోయింది. మళ్ళీ ఉత్తరం లేదు, పలకరింపు లేదు. తన పెళ్ళికి కూడా తల్లిని పిలవలేదు.

అలాంటి సుగుణ ఒక జూన్ నెలలో మా బడికే కొత్త టీచరుగా వచ్చింది. తల్లి ఇంకా ఇక్కడే పనిచేస్తోందని ఆమెకు తెలియదు. వరండాలో, సరిగ్గా నా కిందే, ఇద్దరూ ఎదురుపడ్డారు. పైడమ్మ చేతిలో చీపురు జారిపోయింది.

సుగుణ అటూ ఇటూ చూసి మెల్లగా అంది. "ఇక్కడ మనకేం సంబంధం లేదు. ఎవరికీ చెప్పకు."

"అలాగే మేడం" అంది పైడమ్మ.

రెండేళ్ళు అలాగే గడిచాయి. ఆ అమ్మాయి తల్లిని "ఆయా" అని పిలిచేది. తల్లి ఆ పిలుపుని కూడా కొంగున ముడేసుకునేది. మూడో తరగతి గది నాకెదురుగా ఉంది. సుగుణ పాఠం చెబుతుంటే పైడమ్మ నా పక్క స్తంభానికి ఆనుకుని వినేది. గంట కొట్టే వేళయినా, ఆ గొంతు వాక్యం ముగించేదాకా సుత్తి ఎత్తేది కాదు. మా గంట ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమని పెద్ద మేడం విసుక్కునేది. పైడమ్మ నవ్వి ఊరుకునేది.

ఇక ఆ వాన రోజు. మధ్యాహ్నం నుంచి రేకుల మీద వాన ఒకటే హోరు. పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడడం లేదు. బడి వదలడానికి ఇంకా అరగంట ఉంది. సుగుణ ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గదిలోంచి పరుగెత్తింది. పైడమ్మ వెనకాలే వెళ్ళి, కుళాయి దగ్గర ఆమె వాంతి చేసుకుని, గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని కూలబడడం దూరం నుంచి చూసింది. ఎవరూ చెప్పకుండానే తల్లికి అర్థమైంది. దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

అంతలో కేక వినిపించింది. టీచరు లేని గదిలోంచి పిల్లలు వానలోకి పరుగెత్తారు. హైమ అనే పిల్ల నీళ్ళ తొట్టి గోడెక్కి జారిపడింది. కాలు విరిగింది. పైడమ్మ ఆ పిల్లను చంకనేసుకుని ఆ వానలోనే ఆసుపత్రికి పరుగెత్తింది.

మర్నాడు పెద్ద మేడం, కమిటీవాళ్ళు, హైమ తండ్రి వరండాలో కూర్చున్నారు. సుగుణ ఉద్యోగం పర్మినెంటు కావడానికి ఇంకా నెల ఉంది.  ఆమె మాట మొదలుపెట్టేలోపే పైడమ్మ ముందుకొచ్చింది.

"తప్పు నాదే బాబూ. గడియారం సరిగ్గా చూడక లాంగ్ బెల్లు ముందే కొట్టీసినాను. బడి వదిలేసారనుకొని పిల్లలు బయటికొచ్చీసేరు. మేడమ్ గారికేటీ తెల్దు."

నేను ఆ రోజు మోగలేదు. వాన చినుకు తప్ప ఏదీ నన్ను తాకలేదు. కానీ ఇద్దరు టీచర్లు, "అవునండీ, మేమూ విన్నాం" అన్నారు. సుగుణ కూడా విన్నాననే అనుకుంది. కుళాయి దగ్గర తల తిరుగుతున్నప్పుడు ఏదో మోగినట్టే ఉందట. పైగా తల్లి వైపు తిరిగి, "నీ అజాగ్రత్తకి ఒక పిల్ల కాలు పోయేది" అంది. పైడమ్మ తల వంచుకుని విన్నది. ఆ సాయంత్రమే పని పోయింది. వెళ్ళేముందు కొంగుతో నన్ను తుడిచి, కళ్ళకద్దుకుని వెళ్ళింది.

తరువాత కరెంటు బెల్లు వచ్చింది. నన్ను దించే ఓపిక ఎవరికీ లేక అక్కడే వదిలేశారు. నాలో పిచ్చుకల నీడలు, గాలి, పాత మోతల కలలు. సుగుణకి ఆడపిల్ల పుట్టింది. ఏడేళ్ళు గడిచాయి.

పదో తరగతి వీడ్కోలు రోజున హైమ సుగుణని నా కింద ఆపింది.

"టీచర్, ఒకటి చెప్పాలండి. ఆ రోజు గంట కొట్టలేదు. మీరు బయటికెళ్ళారని మేమే ఆడుకోడానికి పరుగెత్తాం. నన్ను ఎత్తుకెళ్తూ ఆయా ఏడుస్తూ అడిగింది. 'గంట ఇన్నానని సెప్పమ్మా, మీ టీచరు వట్టి మనిషి కాదు, పనిపోతే సచ్చిపోద్ది' అంది. దేవుడి మీద ఒట్టేయించింది. ఒట్టు తప్పుతున్నానండి. ఇన్నేళ్ళూ మోయలేకపోయాను."

సుగుణ నా వైపు చూసింది. ఆ చూపుకి నాలో ఏదో సన్నగా కదిలింది. ఆ వాన రోజున ఆమెకి తొమ్మిది వారాల గర్భం. అప్పటికి భర్తకి కూడా చెప్పని సంగతి.

వారం తరువాత ఆమె నన్ను పాత దుప్పట్లో చుట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. జీడిపిక్కల పరిశ్రమ వెనక వీధిలో రేకుల ఇల్లు. గుమ్మంలో లోకనాథం బల్ల చెక్కుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సుగుణ మొదటిసారి ఆయనతో మాట్లాడింది. "బావున్నారా?" ఆయన లోపలికి చేయి చూపించాడు.

పైడమ్మ పిక్కలు ఒలుస్తోంది. జీడి రసానికి వేళ్ళు బొగ్గుల్లా ఉన్నాయి. కూతుర్ని, మనవరాల్ని చూసి చేతులు వెనక్కి దాచుకుంది.

"ఆ రోజు గంట కొట్టలేదటమ్మా" అంది సుగుణ.

"కొట్టీసినానని అప్పుడే సెప్పేను కదా! ఇప్పుడేటి ఆ గోల?"

"హైమ చెప్పేసింది."

 పైడమ్మ కంగారుగా, "ఇన్నావు, ఇంక ఊరుకో. బళ్ళో ఎవులికీ సెప్పకు. నీ ఉజ్జోగం..." అంది.

"చెప్పేసేనమ్మా. మొన్ననే. కమిటీ ముందు కాగితం మీద రాసిచ్చేను. గది వదిలెళ్ళింది నేను, ఆయా మా అమ్మ అని."

"పిచ్చిదానా! ఏటన్నారు?"

"ఇంకా ఏం తేల్చలేదు. తేల్చినప్పుడు చూద్దాం. గంట అడిగితే మాత్రం ఇచ్చీసేరు."

ఆమె తల్లి వెనక్కి దాచుకున్న చేతులు రెండూ లాగి, ఆ నల్లటి వేళ్ళను తన చెంపలకు ఆనించుకుంది. పైడమ్మ "మరకలైపోతాయే, మరకలు..." అంటూనే ఉంది, కానీ చేతులు తీసుకోలేదు.