పోశన్న పేగులో పూత

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ బొగ్గుగనిలో ఫిట్టరు పోశన్నకు నాలుగు నెలలుగా నెత్తురు జిగట విరేచనాలు. ఒంట్లోని చెడు జిగురంతా పోతోందనుకుని, మిగిలింది కూడా పోవాలని ఆముదం తాగాడు. దాంతో మంచమెక్కాడు. భార్య రుక్కమ్మ అతణ్ణి చంద్రపూర్‌లో కొత్తగా కెమెరా గొట్టం తెప్పించిన డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది.

గొట్టం లోపలికి పోగానే పక్కనున్న టీవీలో పేగు కనిపించింది. పోశన్న సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు. రుక్కమ్మ మాత్రం స్టూలు దగ్గరికి జరుపుకుని మరీ చూసింది.

పెద్దపేగు గోడకు లోపల జిగురు పూత ఉంటుందనీ, క్రిములు గోడను తాకకుండా అదే కాపలా కాస్తుందనీ, పోశన్నకది పలచబడి గోడ వాచి పుండ్లు పడ్డాయనీ డాక్టరు హిందీలో చెప్పాడు. ఆముదం పుండు మీద కారమేనన్నాడు. మాత్రలు రాసిచ్చాడు.

సాయంత్రానికి కాలనీ అంతటికీ తెలిసిపోయింది.

"మా ఆయన పేగు టీవీల అచ్చింది నర్సక్కా!"

పక్కింటి నర్సక్క నోరు తెరిచింది. వాళ్లింటికి కేబుల్ వచ్చి వారమే అయింది. "ఏ ఛానల్ల? మల్ల ఎప్పుడేస్తరట?"

మర్నాటి నుంచి రుక్కమ్మ పూత పని మొదలుపెట్టింది. పొద్దున తుమ్మజిగురు లడ్డు, మధ్యాహ్నం బెండకాయ, రాత్రి బచ్చలి.

"గోడకు సున్నం ఊడితే మల్ల ఏస్తలేమా? గిది గూడ గంతే, తిను!"

తొమ్మిదో రోజుకు పోశన్న పొట్ట డోలులా ఉబ్బింది. నెత్తురు ఆగలేదు. మళ్లీ డాక్టరు దగ్గరికి పరుగు.

"మాత్రలు వేసుకున్నావా?" అన్నాడు డాక్టరు.

పోశన్న భార్య వైపు చూశాడు.

"దేవుని పటమెనుక దాచిన సాబ్. రెండు మందులు లోపల కొట్లాడుకుంటయని," అంది రుక్కమ్మ.

డాక్టరు నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసేశాడు. తిన్న జిగురు వెళ్లి పేగుకు అతుక్కోదనీ, మాత్రలతో వాపు తగ్గితే ఆ పూతను పేగే తయారు చేసుకుంటుందనీ వివరించాడు. నయమైనట్టు అనిపించినా మందు మానొద్దన్నాడు.

ఈసారి మాత్రలు వేళకు వేసుకున్నాడు. రెండు నెలలకు నెత్తురు ఆగింది. పోశన్న ధైర్యం చేసి గోండ్‌పిప్రిలో పెళ్లికి బస్సెక్కాడు. అడవి మధ్యలో బస్సు చెడిపోయింది. ఇదే సందని మగవాళ్లంతా దిగి పొదల్లోకి నడిచారు.

"అన్నా, నువ్వు దిగుతలేవా?" కండక్టరు అడిగాడు.

రెండు నెలల కిందటైతే అందరికన్నా ముందు పొదల్లోకి ఉరికే పోశన్న, కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని, బస్సంతా వినపడేలా చెప్పాడు:

"నాకు అవుసరం లేదు తమ్మీ!"