ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి శిక్షణ దేనికి

రదోస్వేతా చాక్లెట్ల డబ్బా పట్టుకుని టీచర్ల గదిలోకి వచ్చేసరికి నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మా దగ్గర మంచి జరిగినవాళ్ళే అందరి నోరూ తీపి చేస్తారు. మనవడు పుట్టినా, కారు కొన్నా, ఆఖరికి పంటినొప్పి తగ్గినా డబ్బా తెరవాల్సిందే. తీసుకున్నవాళ్ళు చాక్లెట్ నోట్లో వేసుకుని, "దేనికి?" అని అడిగి, మనసులో ఏమున్నా పైకి మాత్రం శుభం పలకాలి.

"తీసుకో నెవ్యానా, రెండు తీసుకో తల్లీ."

నోట్లో వేసుకున్నాను. "దేనికేమిటి?"

"ఐర్లండ్ వెళ్తున్నాగా! నేనూ డైరెక్టర్ గారూ. రెండు వారాలు. ఇంగ్లీషు టీచర్ల శిక్షణకి."

నాకు మింగుడు పడలేదు. రదోస్వేతా మా బళ్ళో వంటా కుట్టుపనీ నేర్పుతుంది. ఇంగ్లీషు టీచర్ని నేను. ఉన్నదాన్ని ఒక్కదాన్నే. ఆ శిక్షణకి దరఖాస్తు రాసిందీ నేనే, చలికాలమంతా కూర్చుని. మా బడికి రెండు చోట్లు ఇచ్చారని తెలిసినరోజు గదిలో అందరూ నన్నే కౌగిలించుకున్నారు. ఇప్పుడు అదే గదిలో అందరూ తలలు వంచుకుని చాక్లెట్ కాగితాలు మడతపెడుతున్నారు.

"శుభం అనవేం?" అంది రదోస్వేతా.

"అనను," అన్నాను. చాక్లెట్ చేతిరుమాల్లోకి ఊసి బయటికి నడిచాను. డబ్బా పట్టుకున్న మనిషికి శుభం పలక్కుండా వెళ్ళడం మా ఊళ్ళో చావు ఇంట్లో నవ్వినంత తప్పు. ఉండనీ.

నా సంగతి చెప్పాలి. నేను చదువుకున్నది రష్యన్. మా దేశంలో కమ్యూనిస్టు ప్రభుత్వం పోగానే రష్యన్ ఎవరికీ అక్కర్లేకపోయింది. మాలాంటివాళ్ళని వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి, హడావుడిగా ఏదో నేర్పి, ఇక మీరు ఇంగ్లీషు టీచర్లు పొండి అన్నారు. క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాను. రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాను. వ్యాకరణం పుస్తకాలు నమిలి మింగాను. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఈ పాతికేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నా క్లాసులో కూర్చుని, ఇక్కడ బాగుంది, ఇక్కడ బాగాలేదు అని చెప్పలేదు. తనిఖీకి వచ్చేవాళ్ళు హాజరు చూస్తారు, మేం వండిపెట్టిన బనిత్సా, మా జున్ను రొట్టె, తింటారు, చేతులు తుడుచుకుని వెళ్ళిపోతారు. మా పిల్లలేమో పుస్తకంలోవన్నీ గడగడా అప్పజెప్తారు. సొంతంగా ఒక్క మాట అడిగితే గోడకేసి చూస్తారు. ఎక్కడో తప్పు చేస్తున్నానని తెలుసు. ఎక్కడో తెలీదు. ఐర్లండ్‌లో సముద్రం చూడాలని కాదు నా ఏడుపు. పని తెలిసినవాళ్ళెవరైనా ఒక్కసారి నా పాఠం చూడాలి. అంతే.

డైరెక్టర్ కరపెత్కోవ్ గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళాను.

"రా నెవ్యానా, కూర్చో. కాఫీ తాగుతావా?"

"ఆ చోటు నాది డైరెక్టర్ గారూ."

"నీది కాదు, బడిది," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. "నువ్వే ఆలోచించు. నీకు ఇంగ్లీషు వచ్చు. వచ్చినవాళ్ళకి శిక్షణ దేనికి? రానివాళ్ళు కదా వెళ్ళి నేర్చుకోవాలి?"

"అది ఇంగ్లీషు నేర్పే శిక్షణ కాదండీ. ఇంగ్లీషు ఎలా నేర్పాలో నేర్పే శిక్షణ."

"అదీ నీకు వచ్చుగా! ఇన్నేళ్ళ నుంచీ నేర్పుతూనే ఉన్నావు. ఇంకోటి, నువ్వు వెళ్తే నీ క్లాసులు ఎవరు తీసుకుంటారు? రదోస్వేతా లేకపోతే పిల్లలు రెండు వారాలు వంట చెయ్యరు, అంతేగా."

"ఆవిడ ఇంగ్లీషు టీచర్ కాదు."

"వారానికి ఒక గంట ఇంగ్లీషులో వంట అని టైంటేబుల్లో వేశాను. ఇప్పుడు టీచరే."

ఆయన పెళ్ళికి రదోస్వేతాయే పెళ్ళిపెద్దగా నిలబడింది. మా దగ్గర ఆ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిది. తోడబుట్టినవాళ్ళకి కాదనొచ్చు గానీ కుమాకి, అంటే పెళ్ళిపెద్దకి, కాదనకూడదు. ఆ సంగతి ఆయనా అనలేదు, నేనూ అనలేదు. తలుపు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు.

"నెవ్యానా, వెళ్ళేలోపు మా కుమాకి నాలుగు ముక్కలు నేర్పు తల్లీ. భోజనం ఎక్కడ, బస్సు ఎక్కడ, అలాంటివి."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది. తలుపు ఎంత గట్టిగా వేశానంటే పక్కగదిలో గుమాస్తా పరుగెత్తుకొచ్చింది.

వాళ్ళు వెళ్ళారు. మొదటి వారం రదోస్వేతా పచ్చటి కొండల ఫోటోలు పంపింది, గొర్రెల ఫోటోలు పంపింది, డైరెక్టర్ గారు బీరు గ్లాసుతో నవ్వుతున్న ఫోటో పంపింది. రెండో వారం మొదట్లో ఫోన్ చేసింది. గొంతు మారిపోయింది.

"నెవ్యానా, బంగారూ, కొంప మునిగింది. ఇక్కడ ఒక్కొక్కళ్ళూ పాఠం చెప్పి చూపించాలిట. ఓర్లా అని మా టీచరు, మంచిదే గానీ వదిలిపెట్టట్లేదు."

"చెప్పు మరి. భోజనం ఎక్కడ, బస్సు ఎక్కడ."

"ఎగతాళి చెయ్యకు. ఫోన్లో అనువాదం పెట్టి నేనో ఉపాయం చెప్పాను. మా పిల్లల్నే వీడియోలో చూపిస్తాను, మా సహాయకురాలు పాఠం నడుపుతుంది అన్నాను. ఒప్పుకుంది."

"సహాయకురాలెవరు?"

డైరెక్టర్ ఫోన్ అందుకున్నాడు. "బడి పరువు నెవ్యానా. పావుగంట. నా మాట మన్నించు."

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినవన్నీ తిట్టి ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ ఓర్లా పాఠం అయ్యాక ఏదైనా చెబుతుందా? బాగుందనో లేదనో?"

"చెబుతుంది, ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఉతికి ఆరేస్తుంది."

"అయితే సరే," అన్నాను. సహాయకురాల్ని కాకపోతే బల్లలు తుడిచేదాన్ని అని చెప్పుకోనీ. ఒకరు చూస్తారు.

మర్నాడు ఏడో తరగతిలో ఫోన్‌ని పూలకుండీకి ఆనించి పెట్టాను. తెరమీద పొట్టి జుట్టు ఆవిడ, పక్కన పదిమంది దాకా వేరే వేరే దేశాల టీచర్లు, ఓ మూల రదోస్వేతా, డైరెక్టరూ. పావుగంట చెప్పాను. ఒక్క క్షణం ఆగలేదు. పిల్లలు నా వెనకే గొంతు కలిపి ముద్దుగా పలికారు. చెమట్లు పట్టాయి గానీ బాగా వచ్చిందనిపించింది.

"థాంక్యూ మిసెస్ రదోస్వేతా," అంది ఓర్లా ఇంగ్లీషులో, ఆవిడ వైపు తిరిగి. "మీ సహాయకురాలి గురించి మీతో కొంచెం మాట్లాడాలి."

రదోస్వేతా నవ్వుతూ తలాడించింది. ఒక్క ముక్క అర్థం కాలేదు ఆవిడకి. నా పాఠం గురించి చెప్పబోయే మాటలు, ఇన్నేళ్ళూ నేను కాచుక్కూచున్న మాటలు, ఆ నవ్వులోకి పోసేయబోతున్నారు.

"ఆవిడతో కాదు!" అని ఇంగ్లీషులోనే అరిచాను. పిల్లలు ఉలిక్కిపడ్డారు. "నాతో చెప్పండి. ఇంగ్లీషు టీచర్ని నేను. ఆవిడ వంట నేర్పుతుంది. ఆయన డైరెక్టరు. నన్ను ఇక్కడ వదిలేసి వాళ్ళు వచ్చారు."

ఓర్లా వాళ్ళిద్దరి వంకా చూసింది, కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"మీ పేరు?"

"నెవ్యానా."

"నెవ్యానా గారూ, మీరు చాలా ప్రశ్నలు వేశారు. జవాబులు ఎవరు చెప్పారు?"

"పిల్లలు."

"కాదు. మీరే. అడిగి, ఊపిరి తీసుకోకుండా మీరే చెప్పారు. వాళ్ళు మీ మాట తిరిగి అన్నారు. వాళ్ళది ఒక్క మాట కూడా నాకు వినపడలేదు. ఇప్పుడే ఒకటి అడగండి. జవాబు మీకు తెలియనిది. అడిగి నోరు మూసుకోండి. ఎంతసేపైనా సరే."

మొహం వేడెక్కింది. కిటికీ పక్కన జోర్నిత్సా కూర్చునుంది. ఏ రోజూ చెయ్యెత్తని పిల్ల. ఆదివారం ఏం చేశావని ఇంగ్లీషులో అడిగాను. నోరు మూసుకున్నాను. పెదవులు కొరుక్కున్నాను. గడియారం చప్పుడు వినిపిస్తోంది. నేనే చెప్పేద్దామని నాలుక పీకుతోంది.

"మా కుక్క... జబ్బు," అంది జోర్నిత్సా, మెల్లగా, ఇంగ్లీషులో. "నేను నేలమీద పడుకున్నా. కుక్కతో. ఇప్పుడు తింటోంది."

ఆ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. నేను నేర్పలేదు.

"చూశారా?" అంది ఓర్లా. ఇంకేదో చెప్పబోయింది. ఈలోపు తెరకడ్డంగా రదోస్వేతా చెయ్యొచ్చింది. "చాలు చాలు, టైమైపోయింది," అని మా భాషలో అంది. తెర నల్లబడింది.

వాళ్ళు తిరిగొచ్చిన రోజే డైరెక్టర్ పిలిపించాడు.

"అంతమందిలో మా మొహాన పేడ కొట్టావు కదే! ఇప్పుడు శిక్షణవాళ్ళు సంజాయిషీ అడుగుతున్నారు. ఏం తక్కువైందని నీకు? పాఠం చెప్పడం వచ్చు కదా!"

"రాదు!" అన్నాను. నా అరుపుకి నాకే చెవులు గింగురుమన్నాయి. "రాదండీ! మొదట్నుంచీ చెప్పేది అదే. పిల్లలు నోరు తెరవకుండా వాళ్ళ బదులు నేనే మాట్లాడుతూ వచ్చాను, పాతికేళ్ళు. అది పదినిమిషాల్లో చెప్పగలిగిన మనిషి దగ్గర రెండు వారాలు కూర్చున్నారు మీరు. గొర్రెల ఫోటోలు తీసుకుని వచ్చారు. ఇన్నేళ్ళలో మాట్లాడకుండా వెళ్ళిపోయిన పిల్లలు ఎంతమంది? వాళ్ళని ఎక్కడినుంచి తెస్తారు?"

సిగ్గుపడతాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"అంటే నీకు పాఠం చెప్పడమే రాదా?" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ ఉద్యోగం ఎలా చేశావు?"

ఇంక మాట్లాడితే కొట్టేస్తానని భయమేసింది. బయటికొచ్చి నేరుగా ఏడో తరగతికి వెళ్ళాను. పుస్తకం బల్లమీద పడేశాను. అడగడానికి ప్రశ్న కూడా తట్టలేదు. ఊరికే నిలబడ్డాను.

పిల్లలు నన్ను చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చాలాసేపటికి వెనకబెంచీలో లచెజార్ చెయ్యెత్తాడు.

"మేడమ్, మీకు కోపం వచ్చిందా?" అన్నాడు. ఇంగ్లీషులో.

"వచ్చింది," అన్నాను. నోరు మూసుకున్నాను.

"ఎవరి మీద?" అంది జోర్నిత్సా.

చెప్పాను. దాచకుండా చెప్పాను. ఎందుకని ఒకడు అడిగాడు. ఎప్పటినుంచి అని ఇంకొకడు. వాళ్ళని ఎందుకు పంపారు, మిమ్మల్ని ఎందుకు పంపలేదు, మళ్ళీ పంపుతారా, పంపకపోతే ఏం చేస్తారు. తప్పులతో, తడబాట్లతో, చేతులు తిప్పుకుంటూ, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ అడిగారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. మా బళ్ళో మొదటిసారి పిల్లలు ఇంగ్లీషు మాట్లాడారు, నా కోపం గురించి.