లప్పం అక్క చేసిన పెట్టె

టేకు పొట్టులో మూడు చుక్కల జిగురు వేసి, అరచేతిలోనే చూపుడువేలితో కలుపుతోంది లప్పం అక్క. ఎదురుగా బల్లమీద తలుపుల మేస్త్రి చేసిన తలుపు పడుకుని ఉంది. తాళం కోసం తొలవాల్సిన చోటికి రెండంగుళాలు కిందుగా తొలిచేశాడు ఆ మహానుభావుడు. "కొంచెం చూడక్కా" అని నసిగి, టీ నెపంతో మాయమయ్యాడు. ఆ షెడ్డులో పదకొండుమంది మేస్త్రులు, పదకొండు రకాల తప్పులు. ఉలి జారిన గాట్లు, కురచగా కోసిన కుర్చీ కాళ్ళు, ఎక్కడో పడిన మేకు బెజ్జాలు, అన్నీ చివరికి కిటికీ పక్కనున్న ఈవిడ బల్ల దగ్గరికే వస్తాయి. సాయంత్రానికి ఆ తప్పు ఎక్కడుండేదో చేసినవాడికే దొరకదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, భర్త పోయిన ఏడాది, ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. ఊడ్చిన పొట్టునంతా ఒకే గోనెలోకి తోసెయ్యమన్నారు. ఆమెకు మనసొప్పలేదు. ఎర్రటిది, పసుపుపచ్చది, నల్లటిది, ఏ కర్ర పొట్టు ఆ కర్రదేనని వేరువేరు సీసాల్లో పోసి పెట్టుకుంది. అందరూ నవ్వారు. ఒకరోజు, పెద్ద బల్ల ఒకటి తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చేసరికి దాని నడిమధ్య పగులు. యజమాని తల పట్టుకున్నాడు. చీపురు పక్కన పెట్టి తన సీసాతో వచ్చింది ఈవిడ, పొట్టులో జిగురు కలిపి లప్పం చేసి ఆ పగులు మాయం చేసింది. మర్నాటినుంచి చీపురు ఇంకొకరి చేతికి పోయింది. ఇప్పుడు ఆమె వెనక అరలో ఇరవై మూడు సీసాలున్నాయి. అయితే ఈ పనికున్న గ్రహచారం ఏమిటంటే, చెడగొడితే ఊరంతా చూస్తుంది, బాగా చేస్తే ఎవరికీ కనిపించదు. కనిపించలేదంటే బాగా చేసినట్టే కాబట్టి మెచ్చుకునేవాడూ ఉండడు. దానికామె ఏనాడూ బాధపడలేదు.

ఆవేళ మాత్రం ఆమె మనసు తలుపుమీద లేదు. బల్ల కింద, పాత గుడ్డ కప్పి, ఆమె చేస్తున్న పెట్టె ఉంది. ఇన్నేళ్ళలో ఆమె తన చేత్తో కోసి, అతికించి చేసిన మొదటి వస్తువు. సాయంత్రం ఐదూ నలభై రైలుకల్లా అది చెల్లెలి చేతిలో పడాలి.

చెల్లెలు చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడుతుంది. రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. ఆ రైలు ఏనాడూ వేళకు రాదు. స్టేషన్లో మైకు ముందు కూర్చునే మనిషి మాత్రం విచారం తెలపడం ఏనాడూ మానడు. ఒకరోజు చెల్లెలు నేరుగా ఆయన గదిలోకే వెళ్ళి, "రోజూ చింతిస్తున్నాం, చింతిస్తున్నాం అంటారు, ఒక్కరోజైనా నిజంగా చింతించారా?" అని నిలదీసింది. ఆయన కాసేపు ఆలోచించి "లేదండీ" అన్నాడట. ఆ ఒక్క ముక్కకే చెల్లెలు పడిపోయింది. రెండేళ్ళు గడిచాక, నలభై తొమ్మిదో ఏట, అక్క ఎదురుగా కూర్చుని, "మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నామక్కా" అంది.

"ఈ వయసులోనా?" అంది లప్పం అక్క.

చెల్లెలు లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! ఆమెకు చెల్లెలిమీద అసూయ లేదు, కోపమూ లేదు. ఉన్నదల్లా భయం. వాళ్ళ మేడమీది గదిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నది ఇద్దరే. పక్కమంచంలోంచి "అక్కా, నిద్రపోయావా?" అనే గొంతు ఇక ఉండదన్న భయం మాటలో పడి, ముల్లయి వచ్చింది.

రిజిస్టరు పెళ్ళి సంతకాలప్పుడు సాక్షిగా వెళ్ళి సంతకం పెట్టింది. చెప్పాల్సిన మాట మాత్రం నోటికి రాలేదు. మాటలతో అతుకు వెయ్యడం ఆమెకు చేతకాని విద్య. అందుకే పెట్టె మొదలుపెట్టింది. వాళ్ళమ్మ కళ్ళజోడు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి దిగిన ఒకే ఒక్క ఫొటో చెల్లెలి బిస్కెట్ల డబ్బాలో తుప్పు మరకలు పట్టిపోతున్నాయి. వాటికొక మంచి చోటు ఉండాలనుకుంది. పదిరోజులుగా పని అయ్యాక ఆగి, దాని పనిమీద కూర్చుని, ఇంటికి ఆలస్యంగా పోతోంది. కాపురానికి ఇల్లు దొరికేదాకా ఆ గదిలోనే ఉన్న చెల్లెలు, అక్క అలిగిందని నమ్మేసింది. ఇంతలో మైకు మనిషికి వేరే ఊరి స్టేషన్‌కు బదిలీ అయింది. ఇవాళే ప్రయాణం.

తలుపు పని ముగించి, పెట్టె బల్లమీదికి తీసింది. మంచి పెట్టె చేసేవాళ్ళు ముందు దాన్ని అన్నివైపులా మూసేసి అతికిస్తారు. జిగురు ఆరాక, పైభాగాన్ని చుట్టూ రంపంతో కోసి మూతగా వేరు చేస్తారు. అలాగైతేనే పెట్టెమీది చారలు తెగకుండా మూతలోకి సాగుతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసిన పని. ముందువైపుకి పదకొండేళ్ళుగా దాచుకున్న పలక వేసింది. దానిమీద చారలు వాగునీళ్ళలా వంపులు తిరిగి ఉంటాయి. నిన్న కోసి, పెట్టెకీ మూతకీ ముందువైపు ఏదో తెలియడానికి పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టుకుంది.

కోసిన అంచులు నున్నబడాలని గరుకు కాగితం తీసుకుంది. చెయ్యి అంచులతో ఆగితే బాగుండును. మరకన్నది కనిపిస్తే తుడిచెయ్యడమే ఎరిగిన చెయ్యి అది. చుట్టూ తిరిగి, ఇంటూ గుర్తులు కూడా శుభ్రంగా తుడిచేసింది. ఆమె మనసు రైలుమీదుంది. పొట్టు కప్పేసి నాలుగువైపులా ఒకేలా ఉన్నాయి. ఉలి తీసుకుని, మూత తెరుచుకునే మడతబందులు వెనకవైపు కూర్చోవడానికి పెట్టెకి రెండు గాట్లు, మూతకి రెండు గాట్లు తీసింది. చక్కగా వచ్చాయి. తడిగుడ్డతో తుడిచి మూత పెట్టి చూస్తే, చారలు కలవలేదు. మూత తిప్పింది. చారలు కలిశాయి. మూతకి తీసిన గాట్లు రెండూ ముందుకొచ్చి, వాగు నడుమ, పళ్ళూడిన నోరులా నిలబడ్డాయి.

"నా చేతులు పడిపోను!" అంది పైకే.

షెడ్డులో రంపాలు ఆగాయి. లప్పం అక్క బల్ల దగ్గర తప్పు జరగడం వింత కదా, మేస్త్రులంతా మూగారు. వాళ్ళ మొహాల్లో జాలి కన్నా పండగే ఎక్కువ కనిపించింది.

"మేం తప్పు చేస్తే నీ దగ్గరికొస్తాం. నువ్వు చేస్తే ఎవరి దగ్గరికెళ్తావక్కా?" అన్నాడు కుర్చీల మేస్త్రి.

"మీ దగ్గరికైతే రాను. ఉన్న పెట్టె కూడా పోతుంది."

"పూడ్చెయ్యక్కా. నువ్వు పూడిస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు," అన్నాడు తలుపుల మేస్త్రి.

"లప్పం పెళుసురా. మూత పడ్డప్పుడల్లా అంచుకి దెబ్బ తగిలి, నెల తిరక్కుండా రాలిపోతుంది. కర్రే పెట్టాలి."

ఆ పలకలో మిగిలిన ముక్క ఉంటే పెట్టేదే. కానీ లప్పానికి పనికొస్తుందని నిన్ననే దాన్ని ఆకురాయితో అరగదీసి, పొట్టు చేసి, సీసాలో పోసింది. తన పొదుపే తన కొంప ముంచింది.

పెద్దమేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకుని, తన పనిముట్ల పెట్టెలోంచి తెల్లటి కర్రముక్క ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఒక్కచోట ఉంటే తప్పక్కా. కింద ఇంకో రెండు, పక్కలకి రెండేసి వేసెయ్. డిజైనంటారు. నా జన్మంతా అలాగే నెట్టుకొచ్చా."

అందరూ నవ్వారు. లప్పం అక్క ఆ ముక్కలోంచి బొటనవేలంత ముక్కలు రెండే కోసుకుంది.

"మరీ రెండేనా? కనిపిస్తాయే!"

"కనపడనీ," అంది.

ఆవిడ నోట ఆ మాట ఆ షెడ్డులో ఎవరూ విని ఉండలేదు. పెద్దమేస్త్రి ఇంకేం అడగకుండా, మిగతావాళ్ళను పనుల్లోకి తోలాడు.

ముక్కల్ని గాటుకన్నా వెంట్రుకవాసి పెద్దవిగా ఉంచి, అంచులు ఉలితో గీకి, ఊపిరి బిగబట్టి దించింది. చెక్కసుత్తితో రెండు దెబ్బలు. మూడో దెబ్బకి కర్రలో కర్ర కూర్చుంది. జిగురు ఆరేదాకా సైకిలు ట్యూబు పట్టీతో బిగించి కట్టింది. ఆ గంటా అన్నం డబ్బా తెరవలేదు, కళ్ళతో గడియారాన్నే తినేసింది. విప్పి, సన్నగా చిత్రిక పట్టి, ఈసారి వెనకవైపేనని పెద్దమేస్త్రితో మూడుసార్లు అనిపించుకుని కొత్త గాట్లు తీసి, బందులు బిగించి, మైనం రాసేసరికి నాలుగున్నర దాటింది. మూత వదిలితే, ఉఫ్‌మని మెల్లగా గాలి వదులుతూ దిగింది. గోరు దూరేంత సందైనా లేదు. కుర్చీల మేస్త్రి తెరిచి మూసి, తెరిచి మూసి, "ఇన్నాళ్ళూ నువ్వెందుకక్కా మా తప్పులు దిద్దుతూ కూర్చున్నావ్?" అన్నాడు. ఈసారి అతను వేళాకోళం ఆడలేదు.

కనుబొమ్మల నిండా పొట్టుతో స్టేషన్ చేరింది. బెంచీమీద చెల్లెలు, రెండు సంచులు, మరిది.

"వదినగారూ, రైలు పదిహేను నిమిషాలు ఆలస్యం. చింతి..." అనబోయి, భార్య చూపు చూసి ఆగిపోయాడు ఆయన.

లప్పం అక్క పెట్టెని చెల్లెలి ఒళ్ళో పెట్టింది. చెల్లెలు మూత తెరిచింది, మూసింది. ఆమె వేలు తెల్లటి ముక్కలమీద ఆగింది.

"ఇవేంటక్కా?"

"తప్పు. వెనక కొయ్యాల్సింది ముందు కోశా."

"నువ్వా!"

"నేనే. దాచాలంటే ఏదో ఒకటి చేసి దాచేదాన్నే. నీ దగ్గర దాచబుద్ధి కాలేదు. ఆ రోజు నీతో అన్న మాట కూడా తప్పేనే. ఒక్కదాన్నయిపోతానని భయమేసి అనేశా. నీ వయసుకేమే, బంగారంలా ఉంది."

చెల్లెలు పెట్టెని దగ్గరికి లాక్కుంది. "రోజూ ఆలస్యంగా వస్తుంటే, నా మొహం చూడబుద్ధి కావట్లేదనుకున్నా."

"మొద్దుదానా."

"నువ్వే మొద్దు. చెప్పి ఏడవచ్చుగా!"

చెప్పడం ఎటూ అయింది కాబట్టి, ఇద్దరూ ఏడుపే కానిచ్చారు. మరిది అటు తిరిగి, తనకు కంఠతా వచ్చిన రైళ్ళ పట్టిక శ్రద్ధగా చదివాడు. రైలు వచ్చింది. సంచులు ఎక్కాయి. కదిలే ముందు చెల్లెలు కిటికీలోంచి చెయ్యి చాపి, అక్క కనుబొమ్మల మీది పొట్టు దులిపింది. తర్వాత ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

మూడంతస్తులు ఎక్కి తాళం తీసేసరికి గదిలో ఇంకా కొంచెం వెలుగుంది. పక్కమంచం మీద పరుపు చుట్టి ఉంది. అటు చూడలేక కిటికీ దగ్గరికి నడిచింది. ఊళ్ళో పగుళ్ళన్నీ పూడ్చే మనిషి ఇంట్లో ఆ కిటికీ చట్రం ఏళ్ళ తరబడి బీటలు వారే ఉంది. వాన వచ్చినప్పుడల్లా చెల్లెలు గుడ్డలు కుక్కేది, తను "చూద్దాంలే" అనేది. ఇవాళ ఆ బీట పూడ్చి ఉంది. వంగి వాసన చూసింది. గోధుమపిండి, కవర్లు అతికించే జిగురు, రంగు కోసం టీ పొడి!

వేలు దానిమీద తనంతట తనే నడిచింది. ముద్ద లోపలికి దిగలేదు. రంగు మరీ ముదురు. అంచుల మీదికి పొంగింది. రేపటికి చీమలు పడతాయి, మొదటి వానకి ఊడి కింద పడుతుంది. నడుము దగ్గర దోపుకున్న గరుకు కాగితం చేతిలోకి వచ్చేసింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మడిచి, మళ్ళీ దోపేసుకుంది. బీట చివర, టీ వాసన వేస్తున్న ఆ పచ్చిముద్దలో, చెల్లెలి బొటనవేలి ముద్ర దిగి ఉంది, మధ్యలో బొత్తాల సూది వల్ల వేలికి కాసిన కాయ గుచ్చిన చిన్న గుంటతో సహా.