ఎర్రచందనం పైలట్

మునిరామయ్యకు ఒక జబ్బు ఉండేది. చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాని బరువు చూసేవాడు. తిరుచానూరు రోడ్డులో ముప్పయ్యేళ్లుగా ఎర్రచందనం బొమ్మలు చెక్కుతున్న మనిషి. బరువున్నదే కొయ్య, తక్కినదంతా పొయ్యిలోకి అని ఆయన లెక్క. అలాంటివాడి దగ్గరకు వచ్చి, ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదని పని అప్పజెప్పేవాణ్ణి ఏమనాలి?

ఆ వచ్చినవాడు పక్క అంగడి ధనంజయ. ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేసి, డెబ్బై ఎనిమిదిలో ఊరికొచ్చి రేడియో రిపేరు పెట్టుకున్నాడు. తాను రోజూ చూసుకున్న ట్రైనర్ విమానాన్ని పన్నెండో వంతు కొలతలతో చేసి, నిజంగా ఎగరేయాలని ఆయన ఆశ. కాగితం మీద గీతలు ఆయనవి, చెక్కుడు మునిరామయ్యది.

మొదటి పేచీ ఇంజను దగ్గరే వచ్చింది. మద్రాసులో దొరికేవి రెండు రకాలు: రెండున్నర సీసీది, ఐదు సీసీది.

"పెద్దదే తెప్పించబ్బా, పీనాసితనం దేనికి?" అన్నాడు మునిరామయ్య.

"పీనాసితనం కాదన్నా. పెద్ద ఇంజనే ఒక బరువు. దాన్ని మోసేదానికి ముక్కు గట్టిగా ఉండాల, ముక్కును మోసేదానికి రెక్క గట్టిగా ఉండాల. అదంతా లేపాలంటే మళ్లీ ఇంకా పెద్ద ఇంజను కావాల. యాడ నిలస్తాది ఇది?"

"పెండ్లి పిలుపుల పట్టీ మాదిరి ఉండాదే! ఒకర్ని రాస్తే ఇంకో నలుగుర్ని రాయాల."

చిన్నదే ఖాయమైంది. దానికి హద్దు ఎనిమిది వందల గ్రాములు. ఇంజను, రెక్కలు, చక్రాలు, రంగు అన్నీ కలిపి అంతే. దాటితే లేవదు.

ఒక సాయంత్రం రెక్కకు కాగితం అంటిస్తూ మునిరామయ్య అడిగాడు. "నువ్వెప్పుడన్నా తోలినావా?"

"నేనా?" ధనంజయ నవ్వాడు. "పైలట్లు దిగి, వెనక్కి తిరిగి సూడకుండా ఎల్లిపోతారన్నా. మేము గుడ్డ తీసుకోని నూనె తుడుస్తాము. ఇరవై ఏండ్లు తుడిసినా. ఒక్కతూరి గూడా పైకి పోలేదు."

నవ్వుతూనే అన్నాడు గానీ, మునిరామయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా ఒక బొమ్మ చెక్కాడు. కుర్చీలో కూర్చున్న పైలట్. ఆ మీసం, గడ్డం మీద పుట్టుమచ్చ, అచ్చం ధనంజయ. కొయ్య? ఎర్రచందనమే! ఇచ్చేది కానుక అయినప్పుడు తేలిక కొయ్యతో చేస్తే పరువు ఉంటుందా? ఎనిమిది వందల మాట ఆయనకు గుర్తులేక కాదు, చెయ్యి ఒప్పుకోలేదు.

కర్పూరం అంగడి వసంతమ్మ త్రాసులో విమానం ఏడు వందల డెబ్బై ఐదు తూగింది. మునిరామయ్య గుడ్డ మడత విప్పి బొమ్మను త్రాసులోనే దాని పక్కన పెట్టాడు. ఎనిమిది వందల అరవై ఐదు.

ధనంజయ త్రాసు చూడలేదు. బొమ్మను చేతిలోకి తీసుకుని దాని మీసాన్ని, పుట్టుమచ్చను వేలితో తడిమాడు. కళ్లు చెమర్చాయి. "ఇది ఎక్కాల్సిందేన్నా. పెద్ద ఇంజను తెప్పిస్తా" అన్నాడు.

"తెప్పించి? ముక్కు, రెక్క మళ్లీ మొదటికి. నేర్పించినోడివి నువ్వే గదా!"

"అయితే నడుం కాడికి కోసెయ్. పైకి కనపడేది రొమ్ము వరకే."

"నోరు ముయ్! కాళ్లు లేని బొమ్మ మా ఇంటి ఉలి కింద నుంచి బయటికి పోలేదు ఇంతవరకు" అని మునిరామయ్య బొమ్మను లాక్కుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు అంగడికి గిరాకీ వస్తే తర్వాత రమ్మన్నాడు. సన్నని వంపు ఉలితో బొమ్మను వీపు వైపు నుంచి తొలుచుకుంటూ పోయాడు. కాళ్లు, చేతులు, కుర్చీ, తల అన్నీ ఉన్నాయి, లోపలే ఏమీ లేదు. ముక్కు దగ్గరకు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు. చెయ్యి ఒక్క వెంట్రుక వాసి జారితే ముఖం పోతుంది. బరువు కోసం బతికిన చెయ్యి బరువును తీసెయ్యడానికి ఇంత కష్టపడుతుందని ఆయన అనుకోలేదు.

మళ్లీ త్రాసు. ఏడు వందల తొంభై ఎనిమిది.

"ఈగ వాలకుండా సూసుకోండప్పా" అంది వసంతమ్మ.

ఆదివారం పొద్దున కాలేజీ మైదానం. రెండు సన్నని తీగెలు చేతపట్టుకుని మధ్యలో నిలబడి తిప్పే రకం విమానం అది. తీగెలు ధనంజయ పట్టుకున్నాడు, ఇంజను మొదలవగానే మునిరామయ్య తోక వదిలాడు. అది గడ్డి మీద పరిగెత్తింది, ఇంకా పరిగెత్తింది. అప్పుడు లేచింది! ధనంజయ తిరుగుతుంటే ఆయన చుట్టూ ఆకాశంలో ధనంజయ తిరిగాడు. నూనె అయిపోయి ఇంజను ఆగాక మెల్లగా దిగింది.

ఆముదం కలిపిన నూనె చిమ్మి రెక్కలు, బొమ్మ ముఖం జిడ్డుగా ఉన్నాయి. ధనంజయ అన్ని చుట్లు తిరిగిన తల తిప్పుతో తూలుకుంటూ వచ్చి, అలవాటుగా జేబులోంచి గుడ్డ తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

మునిరామయ్య ఆ గుడ్డ లాగేసుకున్నాడు. "లెయ్యబ్బా. తోలినోడివి నువ్వు. తుడిసేది నేను."

ధనంజయ లేచి మోకాళ్లకు అంటిన గడ్డి దులుపుకున్నాడు. తర్వాత, ఇరవై ఏళ్లు వెనక నుంచి చూసిన ఆ నడకతోనే, వెనక్కి తిరిగి చూడకుండా వేపచెట్టు నీడకు నడిచి వెళ్లాడు.