కొండ చుట్టూ నిండు ట్యాంకు

తమ్ముడి నాటకానికి దుస్తులన్నీ కుట్టింది అక్కే. రాజుగారి అంగీ మొదలుకొని కాపలావాళ్ళ నడికట్ల దాకా అన్నీ ఆమె మిషను మీద నుంచి వచ్చినవే. తీరా ప్రదర్శన రోజు పొద్దున్నే వాటిని తీసుకెళ్ళాల్సిన వ్యాను మొరాయించింది. నాటకం కొండకు అవతలి ఊళ్ళో. తమ్ముడి బృందం ముందురోజే అక్కడికి చేరిపోయింది.

"మన కారులో నేనే తీసుకెళ్తా," అంది అక్క. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి. అంతవరకూ ఆమె బండి ఊరు దాటలేదు.

ఆమె మొగుణ్ణి స్నేహితులందరూ 'రిజర్వు' అని పిలుస్తారు. బండిలో ఎప్పుడూ రెండు మూడు లీటర్లకు మించి పోయించడు. అడిగితే, బరువెందుకు మొయ్యాలి అంటాడు. దారి పొడవునా బంకులున్న ఊళ్ళో ఆ పద్ధతి చెల్లిపోయింది.

మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరిన అక్క, కొండ కింద చివరి బంకు దగ్గర బండి ఆపింది.

"మొన్న నువ్వు పోయించిందే ఇంకా సగం ఉందిగా, మళ్ళీ ఎందుకే?" అని విసుక్కున్నాడు రిజర్వు.

"సగమంటే పదిహేడు లీటర్లేనండీ. ఎత్తెక్కేటప్పుడు బండి ఇంకా తాగుతుంది. పైన బంకే లేదట."

ట్యాంకు నిండి గొట్టం టక్కున ఆగగానే బంకు కుర్రవాడు అడిగాడు. "ఇంకాస్త పట్టించి రౌండ్ చేసేయమంటారా అమ్మా?"

"వద్దు నాయనా. ఎండకి పెట్రోలు పొంగుతుంది, దానికీ కాస్త చోటుండాలి."

కొండ సగం ఎక్కారో లేదో, ముందు కార్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. బండరాళ్ళు దొర్లి రోడ్డు మూసుకుపోయింది. అడివిలోంచి కొండ చుట్టూ తిరిగే పాత రోడ్డొకటి ఉందిగానీ, అది రెండొందల కిలోమీటర్లని పోలీసు చెప్పాడు. డ్రైవర్లు పెట్రోలు ముల్లు వంక చూసుకుని, ఒక్కొక్కరే బండ్లు వెనక్కి తిప్పుకున్నారు.

"మనమూ తిప్పేద్దాం. అడివిలో ఆగిపోతే దిక్కెవరు?" అన్నాడు రిజర్వు.

అక్క స్టీరింగు మీద చేతులు వేసి వెనక్కి తిరిగి చూసింది. వెనక సీటు నిండా తను కుట్టిన బట్టలు.

"ట్యాంకు ముప్పై అయిదు. ఇక్కడిదాకా మూడయిందనుకోండి. ఎంత పాడు రోడ్డయినా లీటరుకి ఎనిమిదొచ్చిందంటే పాతిక లీటర్లు చాలు. ఇంకా ఏడు మిగులుతాయి," అంది. మరోసారి మనసులో లెక్క వేసుకుని బండిని పాత రోడ్డు వైపు తిప్పింది.

ఏసీ కట్టేసింది. తొందరపడలేదు, ఊరికే బ్రేకు తొక్కలేదు. మలుపు మలుపుకీ దేవుణ్ణి తలుచుకున్నది రిజర్వే. రోడ్డు ఆమె అనుకున్నదాని కంటే అధ్వాన్నంగా ఉంది. ఊరికి పది కిలోమీటర్ల ముందు, పెట్రోలు అడుగంటిందని చెప్పే పసుపు లైటు వెలిగింది.

"అయిపోయాం!" అన్నాడతను.

"అవలేదండీ. మొన్న ఈ లైటు వెలిగిన వెంటనే ఫుల్ చేయిస్తే ముప్పై పట్టింది. అంటే ఇంకా అయిదున్నట్టే," అని నవ్వింది. తన గొంతులోని ధీమాకి తనే ఆశ్చర్యపోయింది.

హాలు గేటు దగ్గరే తమ్ముడు ఎదురొచ్చాడు. రోడ్డు మూశారని విని మామూలు బట్టల్లోనే ఆడేద్దామని అప్పటికే నిశ్చయించుకున్నాడట. కారు చూడగానే వచ్చి తలుపు లాగి తెరిచాడు.

"అక్కా! ఎలా వచ్చావే?"

"చుట్టూ తిరిగి. ముందు మూటలు దించరా!"

తెర లేచింది. రాజు వేదిక మీదకు రాగానే, ఒక్క మాటైనా పలకకముందే, ఆ అంగీ చూసి హాలంతా చప్పట్లు. నాటకం ముగిశాక తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మీదకి లాక్కెళ్ళాడు. దుమ్ము కొట్టుకుపోయిన బట్టల్లోనే ఆమె దీపాల వెలుగులో నిలబడింది. జనం లేచి నిలబడ్డారు.

ముందు వరసలో ఆమె మొగుడు చేతులు మండిపోయేలా చప్పట్లు కొడుతున్నాడు. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం కుదిపి మరీ చెప్తున్నాడు.

"మా ఆవిడండీ! కొండ చుట్టూ తనే నడుపుకొచ్చింది!"