సీసా మీది తేదీ

కృష్ణవేణి పదిహేడో బ్యూరెట్టును కడిగి తలకిందులుగా స్టాండుకు బిగించింది. లోపలి గోడకు ఒక్క నీటిచుక్క కూడా అంటుకొని నిలవకూడదు. నిలిస్తే గాజు ఇంకా శుభ్రపడలేదన్నమాట. గొట్టాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. బయట 2009 ఫిబ్రవరి. నోవైలోని ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా దారంతా మంచే.

కెమిస్ట్రీ ల్యాబు స్టాక్‌రూమ్‌లో పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఇదే. ఆమ్లాలూ క్షారాలూ కలపడం, వాటి గాఢత కొలవడం, సీసా మీద అంకె, తేదీ, తన పొడి అక్షరాలు రాయడం. పాఠం చెప్పేది వేరేవాళ్ళు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివానని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. క్షారం తగిలి తగిలి చూపుడువేలి గీతలు అరిగిపోయాయి. గ్రీన్‌కార్డు వేలిముద్రలప్పుడు యంత్రం మూడుసార్లు కాదంది.

పది గంటలకు దేదీప్య వచ్చింది. ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తున్న వరంగల్ పిల్ల. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, వెనిగర్ ఎక్స్‌పెరిమెంట్‌ల నాకు జీరో వేసిన్రు. మూడుసార్లు చేసిన. మూడుసార్లూ ఫైవ్ పాయింట్ త్రీనే వచ్చింది."

"బాటిల్ మీద ఐదు శాతం అని ఉంది కదమ్మా?"

"అది చూసే అందరూ ఐదు వచ్చేటట్టు ఉల్టా లెక్క కట్టిన్రు. నేను కట్టలే. వెనిగర్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పుపో అని నవ్విన్రు. ఈ కోర్సుల బీ రాకుంటే అసిస్టెంట్‌షిప్ పోతది ఆంటీ. అది పోతే ఇంటికే."

కృష్ణవేణి ఆ పిల్ల నోట్‌బుక్ తిరగేసింది. మూడు కొలతలకూ మధ్య తేడా చుక్క కంటే తక్కువ. చేతిలో తప్పు లేదు. చేతిలో లేనప్పుడు, వెనిగర్‌ను కొలవడానికి తను కలిపిచ్చిన క్షారం సీసాలో ఉండాలి.

"నువ్వు క్లాస్‌కి వెళ్ళు. నేను చూస్తాను."

శుద్ధమైన ఆమ్ల లవణాన్ని మూడుసార్లు తూచి, క్లాసుకిచ్చిన క్షారాన్ని దానితో కొలిచింది. సీసా మీద రాసి ఉన్న గాఢత 0.100. వచ్చింది 0.094. పక్కన గాజుగ్లాసులో కొంత పోసి బేరియం ద్రావణం రెండు చుక్కలు వేసింది. తేటగా ఉన్నది తెల్లగా విరిగింది. క్షారం ఎక్కడికీ పోలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి, కార్బొనేటై అక్కడే ఉంది. తగ్గిన ఆరు పాళ్ళూ దేదీప్య మార్కుల్లో తేలాయి.

గాలి ఎలా చొరబడిందో ఆమెకు వెతుక్కోనక్కర్లేదు. డిసెంబరులో సెలవులకు ముందు శుక్రవారం, సీసా మూత బిగిస్తుండగా భర్త ధర్మారావు ఫోన్ చేశాడు. "వేణీ, మా ప్లాంట్‌లో తీసేసేవాళ్ళ లిస్ట్ వచ్చింది. నా పేరుంది." ఆ తరవాత మూత బిగించిన జ్ఞాపకం ఆమెకు లేదు. జనవరిలో తిరిగొచ్చాక మళ్ళీ కొలవాలి. కొలవకుండా తేదీ మాత్రం మార్చి, కింద పొడి అక్షరాలు వేసింది. పద్నాలుగేళ్ళలో అది ఒక్కసారే.

సూపర్‌వైజర్ చక్రపాణి గదిలో హీటర్ గురగురలాడుతోంది. ఆమె చెప్పిందంతా విని ఆయన తలుపు మూశాడు.

"ఎవరికి చెప్పారు?"

"మీకే."

"అయితే ఇక్కడితో ఆపండి. కొత్త సీసా కలిపి పెట్టండి, అయిపోతుంది. కృష్ణవేణి గారూ, ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి ఐదింటిలోగా నేను ఒక పేరు పంపాలి. స్టాక్‌రూమ్‌లో ఉన్నది ఇద్దరే, మీరో, ఉషానో. మీ ఫైల్‌లో ఒక్క కంప్లైంట్ లేదు కాబట్టి ఉషా పేరు రాసుకున్నాను. మీరిప్పుడు రిపోర్ట్ రాస్తే నేనేం చెయ్యను? ధర్మారావు గారి ఇన్సూరెన్స్ కూడా మీ జాబ్ మీదే కదా?"

"అవునండీ. గుండెకి స్టెంట్ వేసి ఏడాది కాలేదు."

"మరి? ఆ అమ్మాయికి నేను ప్రొఫెసర్‌తో మాట్లాడి ఏదో ఒకటి చేయిస్తాను."

"ఏం చెప్పి చేయిస్తారు?"

చక్రపాణి ఉషా పేరున్న కాగితాన్ని బోర్లించాడు.

"కారణం చెప్పకుండా మార్కు మారదు చక్రపాణి గారూ. జాలిపడి ఇస్తే ఆ పిల్ల కొలత తప్పనే మిగులుతుంది."

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఆమె రిపోర్టు రాసి చక్రపాణికీ ప్రొఫెసర్‌కీ పంపింది. మూత, తేదీ, 0.094. ఫోన్ సంగతి రాయలేదు. అది కారణమే కాని, సాకులా కనిపిస్తుందనుకుంది.

ప్రొఫెసర్ కొత్త అంకెతో క్లాసు లెక్కలన్నీ మళ్ళీ కట్టాడు. దేదీప్యకు సరిగ్గా 5.0 వచ్చింది. వెనిగర్ బాటిల్ చూసి లెక్క కట్టినవాళ్ళందరికీ 4.7 వచ్చింది. దేదీప్య పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ! ఏం జేసిన్రు?"

"కొలిచాను."

"మీకేం ప్రాబ్లమ్ రాదు గద?"

"వెళ్ళమ్మా, బస్సు తప్పిపోతుంది."

ఐదుకు పది నిమిషాలుండగా ఈమెయిల్ వచ్చింది. మర్యాదగా, నాలుగే వాక్యాలు. ఆమె తాళాలు చక్రపాణి బల్ల మీద పెట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఇంట్లో ధర్మారావుకు ఏ మాటతో మొదలుపెట్టాలో కూడబలుక్కుంటూ, మంచు బూట్లు తొడుక్కొని, కోటు గుండీలు పై దాకా పెట్టుకొని ఆమె బయటికి నడిచింది.

మర్నాడు ఉదయం ఉషా లైటు వేసేసరికి, కృష్ణవేణి ల్యాబులో మాత్రమే వేసుకునే నల్లతోలు జోళ్ళు సింకు కింద పక్కపక్కనే ఉన్నాయి. వెనక మడమలు బయటి వైపుకు అరిగి, కుడిదాని ముందు భాగం మీద ఎప్పుడో పడిన ఆమ్లపు చుక్కకు మినపగింజంత కన్నం.